ఉల్లిపొర మీద బుడగ

"ఇటుకలు పేర్చినట్టు కనిపిస్తున్నాయా? అవే ఉల్లిపొర కణాలు," అంది నీలవేణి.

రాజాంలో ఓ ప్రైవేటు జూనియర్ కాలేజీ. ల్యాబులో మైక్రోస్కోపు చుట్టూ ఫస్టియర్ పిల్లలు మూగి ఉన్నారు.

"ప్రతి కణం చుట్టూ ఉన్న గీత కణకవచం. మొక్క కణానికే ఆ గోడ. రేపు మీ బుగ్గ లోపలి కణాలు చూద్దాం. వాటికి గోడ ఉండదు, పల్చటి పొరే."

"నల్లటి అంచుతో గుండ్రంగా మెరుస్తున్నదేటి మేడమ్?" అని అడిగింది రేఖ.

నీలవేణి వంగి గబుక్కున చూసింది.

"అదే కేంద్రకం. న్యూక్లియస్. బొమ్మ గీసుకోండి."

నలభై పెన్సిళ్లు కదిలాయి.

మూల బల్ల దగ్గర ఒక ముసలాయన తలెత్తాడు. పేరు కూర్మయ్య. ప్రాక్టికల్ పరీక్షల ముందు కాలేజీ కాలేజీకీ తిరిగి, మైక్రోస్కోపుల కటకాలకు పట్టిన బూజు తుడిచే మనిషి. నీలవేణి ఆయన్ని చూడడం ఆ రోజే మొదలు.

ఆయన వచ్చి ఒక కన్ను మూసి లోపలికి చూశాడు.

"మేడమ్ గోరూ, అది కేంద్రకం కాదమ్మా. గాలి బుడగ. కేంద్రకం అంత పెద్దదుండదు. గోడ పక్కన సిన్న సుక్క ఉన్నాది సూడండి, అదీ!"

ల్యాబంతా గొల్లున నవ్వింది.

మర్నాటికి ఆమె పేరు బుడగ మేడమ్. బోర్డు మీద ఎవరో పెద్ద సున్నా చుట్టి 'న్యూక్లియస్' అని రాశారు. ఆ నవ్వు బస్టాండు దాకా వెంటపడింది.

నీలవేణికి ఒళ్లు మండిపోయింది. రెండేళ్లు ఎదురుచూస్తే దొరికిన ఉద్యోగం. చేరి నాలుగు నెలలే, ఇంకా పర్మినెంటు కాలేదు. కేంద్రకమంటే తనకు తెలియదా? తొందరలో పొరపడింది. దగ్గరికొచ్చి చెవిలో చెప్పొచ్చుగా! తప్పు తనదేనని తెలుసు, కోపం మాత్రం ఆయన మీదే. మన కోపాలు ఇలాగే ఏడుస్తాయి.

"ఆడి అంతు సూస్తాను," అంది ఆఫీసు క్లర్కు అరుణశ్రీతో. కోపమొస్తే ఆమెకు పుస్తకాల భాష జారిపోయి ఊరి భాష వచ్చేస్తుంది.

"పోనీలే అక్కా, పెద్దాయన."

"పెద్దాయనైతే? నా పరువు తీసీసినాడు. నాను వదల్ను."

వదల్లేదు. శుక్రవారం ఫిర్యాదు రాసింది. కూర్మయ్య తుడిచాక కటకాల మీద మరకలు పడ్డాయనీ, ఆ రోజు కనిపించింది ఆ మరకేననీ. అంతా అబద్ధం. సంతకం పెట్టి తనే తీసుకెళ్లి ఇచ్చింది.

ప్రిన్సిపాల్ మోహనకృష్ణ అది చదివి కళ్లద్దాలు తీశారు.

"ఇదే మాట ఆయన నిన్ననే రాసిచ్చాడమ్మా. మరక తనవల్లే పడిందని. ఆ గొడవ అక్కడితో తీరిపోయింది."

నీలవేణి ఉబ్బిపోయింది. తన బెదిరింపు ముసలాడి చెవిన పడే ఉంటుంది. హడలిపోయి ఒప్పేసుకున్నాడన్నమాట!

"ఒప్పుకుంటే సరిపోతుందా సార్? పిల్లల ప్రాక్టికల్స్ ఏమైపోవాలి? మన యాజమాన్యానికున్న మూడు కాలేజీల్లోనూ ఆయన్ని అడుగు పెట్టనివ్వకండి."

ఆయన ఆమెను వింతగా చూశారు. "ఈ మాట మీరంటున్నారా?"

"నేనే అంటున్నాను సార్."

"సరే. మీ ఇష్టం."

రాజాం, చీపురుపల్లి, పాతపట్నం. కూర్మయ్య బతుకంతా ఆ మూడు కాలేజీల మీదే.

సోమవారం ఆయన తన సామాను తీసుకెళ్లడానికి వచ్చాడు. నీలవేణి కావాలనే క్లాసు వదిలి వరండాలో కాపు కాసింది.

"ఏం కూర్మయ్యా, నాతో పెట్టుకుంటే ఏమైందో చూశావా?"

ఆయన సంచి భుజానికి తగిలించుకున్నాడు.

"తప్పైపోనాదమ్మా. అందరి ముందూ అలాగ అనకూడదు. నోటికొచ్చీసినాది." రెండడుగులు వేసి ఆగాడు. "ఉల్లిపొర మీద కప్పే పల్చటద్దం ఒకేసారి పడేయకండి. సూదితో పట్టి ఓరగా, నెమ్మదిగా దించండి. బుడగ రాదు."

గేటు దాటి వెళ్లిపోయాడు. నీలవేణికి కడుపు నిండింది. అయినా ఇంకా కాస్త ఆకలి మిగిలింది.

తిన్నగా ఆఫీసుకు వెళ్లింది.

"ఆ ముసలాడు రాసిచ్చిన కాగితం ఏదే? జిరాక్సు తీసి ల్యాబు తలుపుకి అంటిస్తాను. నన్ను చూసి నవ్విన ప్రతి వెధవా చదవాలి."

"వద్దక్కా."

"ఇయ్యి!"

అరుణశ్రీ ఫైలు ఆమె ముందు పెట్టి, మొహం పక్కకు తిప్పుకుంది.

పైన ఉన్నది ఒక అర్జీ. తేదీ బుధవారం. పిల్లలవీ తల్లిదండ్రులవీ అరవై రెండు సంతకాలు. 'కేంద్రకం ఏదో తెలియని లెక్చరర్ మాకు వద్దు.' అడుగున యాజమాన్యం వారి ఎర్ర సిరా: 'నీలవేణిని తొలగించవలెను.' దాని మీద అడ్డంగా కొట్టివేత.

నీలవేణి ఆ ఎర్ర అక్షరాలు మళ్లీ చదివింది.

"ఇదేటే? నాకెందుకు సెప్పలేదు?"

"అర్జీ సంగతి తెలిసి వచ్చిన ఆ పెద్దాయనే సెప్పొద్దన్నాడక్కా. నువ్వు బాధపడతావని."

కింది కాగితం తీసింది. గురువారం తేదీ వేసి, వంకర అక్షరాలతో కూర్మయ్య రాశాడు: 'ఆ రోజు కనిపించింది బుడగ కాదు, నా చేతుల మరక, మేడమ్ గారికి పాఠం బాగా తెలుసు, ఆమెను తీసెయ్యకండి, ఎవరినో ఒకరిని తియ్యాలంటే నన్ను తీసెయ్యండి.'