గొడుగు బొమ్మ

“బాబూ, నా గొడుగు పోయింది.”

“గొడుగులు పక్క సందులోనమ్మా. ఇది సెల్లుల కొట్టు,” అన్నాడు ధర్మేంద్ర, తలెత్తకుండా.

టెక్కలి బస్టాండు ఎదుట అతని కొట్టు. ఆ పూట జనం మూగి ఉన్నారు.

ఆవిడ కొంగుముడి విప్పి ఫోను తీసి గాజుబల్ల మీద పెట్టింది. యాభై దాటిన మనిషి. కాళ్ళకి ఎర్రమట్టి. చీర అంచుకి పల్లేరుకాయలు.

“దీన్లో గొడుగు బొమ్మ ఉండేది. రాత్రి దానంతటదే ఏటో మారిపోయింది. పొద్దున సూస్తే గొడుగు లేదు.”

ధర్మేంద్ర ఫోను చూసి నవ్వాడు.

“పాడవలేదమ్మా. కొత్త వెర్షనొచ్చింది. ఇటు సూడు.”

తెర మీద వేలు పెట్టాడు. మబ్బులు కదిలాయి. పక్కకి తోశాడు. చినుకులు రాలాయి. ఆవిడ ఫొటో తీసి, నెత్తిన కిరీటం పెట్టి చూపించాడు.

“అచ్చం అమ్మోరే,” అన్నాడు పక్కనున్న మనిషి.

ఆవిడా నవ్వింది. నవ్వి, “మరి గొడుగు?” అంది.

“అదెందుకింక? నోటితో సెప్తే సాలు, అదే కలుపుతాది. ఎవురికి సెయ్యాల?”

“తమ్ముడికి.”

“అదే సెప్పు దానికి.”

ఆవిడ ఫోనుని నోటి దగ్గరగా పెట్టుకుంది. “తమ్ముడికి కలుపు నాయనా,” అంది, ఎదుట మనిషి ఉన్నట్టే.

ఫోను కాసేపు ఊరుకుని, ఏదో పెళ్ళిపాట ఎత్తుకుంది.

కొట్లో అందరూ నవ్వారు.

“నాకు సదువు రాదు బాబూ. గొడుగు నొక్కితే తమ్ముడికి పోయేది. ఆ బొమ్మ మళ్ళీ ముందరికి తెచ్చి పెట్టు. దీన్లోంచి నేను సేసేది ఆ ఒక్క నంబరుకే. నువ్వు సూస్తే దొరుకుతాది.”

“అంత అర్జంటేటమ్మా?”

“ఈ ఎండాకాలం పోయేదాకా ఎప్పుడు సెయ్యాల్సొస్తాదో తెలీదు. ఆడి మొగం నేను సూడలేదు గానీ, నా ఫోను కోసం కాసుకోనుంటాడు.”

“మొగం సూడని తమ్ముడట,” వెనకనుంచి ఎవరో అన్నారు. మళ్ళీ నవ్వులు.

అంతలో ఒక జంట వచ్చి కొత్త ఫోను చూపించమన్నారు. ధర్మేంద్ర ఆవిడ ఫోనుని బల్ల సొరుగులో పడేశాడు.

“ఎల్లుండి రామ్మా. తీరుబడిగా సూస్తాను.”

ఆవిడ ఖాళీ కొంగు మళ్ళీ ముడేసుకుంది. గడప దిగి పడమటి వైపు ఒకసారి చూసుకుంది. కొండవైపు పోయే మెళియాపుట్టి బస్సు హారన్ కొడితే అటు నడిచింది.

సాయంత్రం ధర్మేంద్ర తమ ఊరు నౌపడ చేరేసరికి తండ్రి నరసింగరావు ఉప్పు మడుల దగ్గరే ఉన్నాడు. గట్టు పొడుగునా తెల్లటి కుప్పలు. ఈ ఏడాది పంటంతా అవే. ఒక్క వాన గట్టిగా పడితే అంతా నీళ్ళే.

“తాటాకులు కప్పేద్దామా నాన్నా?”

“రేపు మద్దేనం లారీ వస్తాది. కప్పి మళ్ళీ తియ్యడమెందుకు? వానయితే నాకు కబురొస్తాది.”

“కబురేటి? ఇది సూడు.” ధర్మేంద్ర ఫోను చూపించాడు. తెర మీద సూర్యుడు గిర్రున తిరుగుతున్నాడు. “రేపంతా ఎండే.”

నరసింగరావు దాని వంక చూడలేదు. చొక్కా జేబులో తన బొత్తాల ఫోను ఉందో లేదో తడుముకున్నాడు.

మర్నాడు ధర్మేంద్ర కొట్టు తియ్యలేదు. లారీకి ఎత్తడానికి సాయం ఉండమన్నాడు తండ్రి.

లారీ ఇంకా రాలేదు. పడమట నల్లబడింది. నరసింగరావు జేబులోంచి ఫోను తీసి చూసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

“కబురు రాలేదురా. ఇటు రాదులే.”

ఆ మాట అన్న కాసేపటికే గాలి లేచింది. గాలి వెనకే వాన.

ఇద్దరూ తాటాకులు పట్టుకుని పరిగెత్తారు. ఒక ఆకు కప్పితే రెండు ఎగిరిపోయాయి. ధర్మేంద్ర జేబులోంచి జారిపడి ఫోను వెలిగింది. తెర మీద ఇప్పుడు చినుకులు రాలుతున్నాయి, ఎంతో అందంగా.

వాన వెలిసేసరికి కుప్పలు మోకాలెత్తుకి దిగిపోయాయి. మిగిలింది బురద కలిసిన ఉప్పు.

నరసింగరావు గట్టు మీద గొంతుక్కూర్చుని ఫోను చెవికి ఆనించుకున్నాడు.

“ఎవురికి నాన్నా?”

“వానప్పకి. మోగుతున్నాది, ఎత్తడం లేదు.”

“వానప్పేటి?”

“నేను పెట్టుకున్న పేరులే, వాన కబురు సెప్పే అక్కని. కొండ కింద మేకలు కాస్తాది. మొదట్లో ఓమారు తప్పు నంబరు తగిలి నాకొచ్చింది. ‘వాన దిగిపోయింది, మేకల్ని తోలీరా’ అన్నాది, నేనెవురో అనుకొని. కొండమీద దిగిన వాన కాసేపటికి మనకాడికొస్తాది గదా. నేను గబగబా కుప్పలు కప్పేసుకున్నాను. తరవాత నేనే ఫోన్ సేసి, నీ మాట వల్ల ఉప్పు దక్కిందని సెప్పాను. అప్పట్నించీ ప్రతి ఏసంగీ, అక్కడ మబ్బు దిగ్గానే నాకు సేస్తాది. నన్ను తమ్ముడంటాది. మొగం ఎరగను.”

ధర్మేంద్ర తడి తాటాకు కింద పడేసి, జేబులో కొట్టు తాళాలు తడుముకున్నాడు.

నరసింగరావు మళ్ళీ నొక్కాడు. మళ్ళీ మోగింది. మళ్ళీ ఆగింది.

“ఉప్పుకేటిలే, మళ్ళీ పండుతాది. ఆ మనిషికి ఏటయిందోనని. కబురు మానీ మనిషి కాదు.”

“ఆవిడకేటీ అవలేదు నాన్నా,” అన్నాడు ధర్మేంద్ర. మాట గొణుగులా వచ్చింది.

నరసింగరావుకి వినపడలేదు. ఫోను వంకే చూస్తున్నాడు.

“పాపం సదువు రాదురా. నా నంబరు మీద గొడుగు బొమ్మ పెట్టించుకున్నాదట. అది నొక్కితే నాకొస్తాది.”