పొన్నగంటి పసరు

వంటింటి గోడలు మాట్లాడటం మొదలయ్యాక ఊళ్ళో ప్రతి ఇంటికీ ఓ వైద్యుడు దొరికాడు. కూతురు హైమ కళ్ళలో శుక్లాలకు ఆపరేషన్ చెయ్యాలని డాక్టరమ్మ చెప్పినా, "కత్తి జారితే ఉన్న చూపూ పోతుందమ్మా, పొన్నగంటి పసరు చాలు" అన్న గోడ మాటే తాయారమ్మకు నచ్చింది. అన్నిటికీ హడలిపోయే ప్రాణం ఆమెది. ఆర్నెల్లు కళ్ళలో పసరు పోసింది.

ఆవేళ హైమ ఏరిపెట్టిన ఆకుకూరలో వేలెడంత నల్లటి గొంగళిపురుగు పాకుతోంది.

"చూసే ఏరావా తల్లీ?"

"రెండుసార్లు చూశానే!"

తాయారమ్మ గోడకేసి చూసింది.

"ఇంకో నెల పొయ్యండమ్మా," అంది గోడ.

"నీకేం, గోడవి! పోయేవి నా బిడ్డ కళ్ళు," అంటూ గోడకున్న మీట నొక్కి దాని నోరు మూయించింది. "చెప్పులేసుకో హైమా, ఆసుపత్రికి పోదాం."

"భయం లేదా అమ్మా?"

"చచ్చేంత ఉంది. పద."