నాలుగో కిటికీ

పడవకు కిటికీలు మార్చడం అయిపోగానే మొగుణ్ణి వదిలేసి వెళ్లిపోవాలని ఆమె నిర్ణయించుకుంది.

ఇల్లూ వాకిలీ అన్నీ వాళ్లకు ఆ తెరచాప పడవే. ఆయన దాన్ని నడిపే సరంగు. ఆమె తెరచాపలు కుడుతుంది. రెండేళ్ల కిందట ఒక్కగానొక్క కూతురు జ్వరమొచ్చి నాలుగు రోజుల్లో పోయింది. ఆ వారమే సరంగు పడవను ఒడ్డుకు లాగించి, పడవల షెడ్డు పక్కన దిమ్మల మీద నిలబెట్టించాడు. ఎందుకని అడిగితే అడుగుభాగం బాగుచెయ్యాలన్నాడు. మళ్లీ దాని జోలికి పోలేదు. ఇద్దరూ నిచ్చెన ఎక్కుతూ దిగుతూ అందులోనే ఉంటున్నారు.

కూతురు పోయిన రోజు ఆయన కంట చుక్క నీరు రాలేదు. జనం ఏడుస్తుంటే, వాళ్లు లేచిన కుర్చీలు ఒకదానిలో ఒకటి పేర్చుకుంటూ తిరిగాడు. "బావది గుండె కాదక్కా, బండ," అని చెల్లెలు అప్పుడే అంది. ఆ మాటకు ఆమె చెల్లెల్ని కసిరింది. ఇప్పుడైతే కసరదు. ఈ రెండేళ్లలో ఆయన నోట కూతురి పేరు ఒక్కసారి కూడా రాలేదు. పైగా నడుం నొప్పని సాకు చెప్పి, ముందు గదిలో పిల్ల పడుకునే ఇరుకు బల్ల మీదికి పక్క మార్చాడు. కాసేపు కూర్చుని ఏడ్చుకోవడానికి ఆమెకు ఆ బల్ల కూడా లేకుండా పోయింది.

రోజూ పొద్దున్నే తడిసిన దిండు తెచ్చి కమ్మీ మీద ఆరేస్తాడు. బల్ల పైనున్న నాలుగో కిటికీ మళ్లీ కారిందంటాడు. వాన లేని రోజున మంచు అంటాడు. బిడ్డ పోతే చలించని మనిషి దిండు తడిస్తే మాత్రం గొణుగుతాడేమిటని ఆమెకు ఒళ్లు మండిపోయేది.

అయినా మొగుడు కదా, తడి పక్క మీద వదిలేసి పోవడానికి మనసొప్పలేదు.

పాత అద్దాలు మసకబారి ఉన్నాయి. చుట్టూ ఉన్న లప్పం గోరు తగిలితే రాలుతోంది. చట్రం సందులో నీళ్లు నిలిచాయి. పడవలో తడి కనిపిస్తే ముందు నాలుకతో అడగాలని పెళ్లయిన కొత్తలో సరంగే నేర్పాడు. చప్పగా ఉంటే వాన, ఉప్పగా ఉంటే సముద్రం. వేలితో అద్ది చూసింది. చప్పగా ఉంది. వానే.

అంతా గీకి, కొత్త ప్లాస్టిక్ అద్దం పలకలు కోసి, అంచులకు సీలెంటు పూసింది. బోల్టులు బిగించడానికి ఇద్దరు కావాలి. ఆమె బయట నిచ్చెన మీద, ఆయన లోపల నట్లు పట్టుకుని. మధ్యలో కొత్త పలక. ఇద్దరి మొహాలూ జానెడు దూరంలో ఉన్నాయి.

"ఆదివారం చెల్లెలింటికి పోతున్నా. ఇంక రాను," అంది గట్టిగా, లోపలికి వినపడేలా.

ఆయన నట్టును వేలితో తడిమి చూశాడు.

"సరే," అన్నాడు. "ఇది ఇంకో చుట్టు పడుతుంది. తిప్పు."

ఆమె తిప్పింది. మిగిలిన కాస్త ఆశా అక్కడితో చచ్చిపోయింది.

శనివారం లోపల కిటికీల కింద పాత పేపర్లు పరిచి, బయటి నుంచి అరగంటసేపు గొట్టంతో నీళ్లు కొట్టింది. పేపర్లు కరకరలాడుతూనే ఉన్నాయి. ఒక్క చుక్క దిగలేదు.

ఆదివారం తెల్లారేసరికి ఆకాశంలో మబ్బు తునక లేదు. రాత్రి వాన పడలేదు, మంచూ కురవలేదు. సరంగు ఆమె కోసం బండి పిలుచుకురావడానికి వెళ్లాడు. ఆమె సంచి సర్దుకుని, పిల్ల దువ్వెన వెంట తీసుకుపోదామని ముందు గదిలోకి వెళ్లింది.

బల్ల మీద దిండు బోర్లించి ఉంది. తిప్పి చూస్తే తడి.

నాలుగు రోజుల చాకిరీ బూడిదలో పోసినట్టయిందని ఆమెకు ఏడుపొచ్చింది. నాలుగో కిటికీ చట్రమంతా తడిమింది. పొడిగా ఉంది. కింద పరిచిన పేపరూ పొడిగానే ఉంది.

అలవాటు కొద్దీ దిండు మీది తడిని వేలితో అద్ది నాలుక మీద పెట్టుకుంది. సముద్రం మొహం చూసి రెండేళ్లయిన ఆ పడవలో, ఆ తడి ఉప్పగా ఉంది.