శనివారం గది

ప్రతి శనివారం అతను పనేమీ లేకపోయినా విమానమెక్కి ఈ ఊరొస్తాడు. ఈ హోటల్లో గది తీసుకుని, పైకి వెళ్లకుండానే తిరుగు విమానం ఎక్కేస్తాడు. పడుకోకపోయినా, హోటల్ వాళ్ల గోల్డ్ కార్డు రావడానికి కావలసిన రాత్రుల లెక్కలో ఆ రాత్రి పడుతుంది. "ఆ కార్డు కూడు పెడుతుందా, గుడ్డ పెడుతుందా?" అంటుంది భార్య.

ఇవాళ పొగమంచుకు విమానం రద్దయింది. మొదటిసారి గదిలోకి వెళ్లాడు. పక్క నలిగి ఉంది. దిండు ఇంకా వెచ్చగా ఉంది. కిందికి ఫోన్ చేశాడు.

"వారం వారం మీరు పడుకునే గదే కదండీ," అన్నాడు రిసెప్షన్ అతను. "దుప్పటి మార్చొద్దన్నదీ మీరే."

అతను ఆ ఫోన్ పెట్టేసి ఇంటికి ఫోన్ చేసి, "విమానం లేదే, రేపొస్తా," అన్నాడు.

"ప్రతి శనివారం ఇదేం గోలండీ? మా ఆయన లేస్తారు," అంది భార్య, గొంతు తగ్గించి.

"పెట్టెయ్. మళ్లీ వాడే," అంది ఆమె వెనకనుంచి అచ్చం అతని గొంతే.