కోకిలమ్మ దగ్గర గూటి చదువు

గూళ్లు కట్టడంలో డాక్టరేట్ చేద్దామని కాకి వెళ్లి కోకిలమ్మ దగ్గర చేరింది. ఆవిడ జన్మలో గూడు కట్టిన పాపాన పోలేదు, కానీ అడవిలో గూళ్ల శాఖకు ఆవిడే పెద్ద.

కాకి పుల్ల తెచ్చినప్పుడల్లా, "ఇది ఏ చెట్టుదో పక్కన రాయమ్మా," అనేది కోకిలమ్మ. రాసీ రాసీ కాకి ముక్కు అరిగిపోయింది. గూట్లో పుల్లల కంటే చెట్ల పేర్లే ఎక్కువయ్యాయి.

ఎలాగో గూడు పూర్తయింది. కోకిలమ్మ తీరిగ్గా వచ్చి, నడిమధ్యన గుడ్డు పెట్టి, "మన గూడు బాగా కుదిరిందే," అంది. కాకికి ఒళ్లు మండింది. పట్టా చేతికొచ్చేదాకా నోరు మెదపకూడదని ఊరుకుంది.

మరుసటి ఏడు కాకి కూడా గురువైంది. మొదటి రోజే ఓ కొత్త కాకి పుల్ల కరుచుకుని వచ్చి ఎదురుగా వాలింది.

మన కాకి గొంతు సవరించుకుంది.

"కుహూ... ఏ చెట్టుదమ్మా ఆ పుల్ల?"