నల్లగీత

నాలుగో రోజూ గీత పోలేదు.

బడి సైన్స్ గదిలో ఇమ్మానుయేలు సార్ ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుతురులో చూసి మళ్లీ బల్ల మీద పెట్టారు. వెంట్రుకంత నల్లగీత. మట్టినీళ్ల చుక్కలు దాని మీద మరకలు కట్టాయి తప్ప అది చెక్కుచెదరలేదు.

చేసేది పిల్లల ప్రయోగమే. పాతరకం ఫిల్ము మీద నలుపును పట్టి ఉంచేది జిలటిన్ పూత. అది మాంసకృత్తు. మట్టిలోని ఎంజైములు ఆ పూతను అరిగిస్తే నలుపు పోయి ఫిల్ము తేటపడుతుంది. పోయిన వారం సైన్స్ ఫెయిర్‌లో తొమ్మిదో తరగతి పిల్లలు ఇదే చేసి ప్రైజు తెచ్చారు. అదే బకెట్టు, అదే మట్టి.

"ప్రైజు గూడ వచ్చె గద సారూ, ఇంకేం ఫికర్?" గది ఊడుస్తూ అంది అటెండర్ రాజక్క. "అయినా గంత జాగ ఉండంగ ఆ గీత మీదనే పోస్తవేంది?"

"గీతే పోవాలి, రాజక్కా."

"బీరువ నిండ పిల్లలు తెచ్చిన ఫిల్ములున్నయ్. ఇంటికెల్లి తెచ్చిన గిదొక్కటే పట్టుకొని ఏలాడవడితివి."

ఆయన బకెట్టు దగ్గరికి జరిగారు. సూక్ష్మజీవి చచ్చినా దాని ఎంజైము మట్టి రేణువును అంటుకుని నెలల తరబడి ఉంటుందని పాఠం చెప్పింది తానే. వారానికే ఏమైంది? పిడికెడు మట్టి తీసి వాసన చూశారు. మాడు వాసన.

"ఈ మట్టిని ఏం చేశావు?"

"ఏం జెయ్యలే సారూ. ఎర్రలు, గా వానపాములు, పారవట్టినయ్. పిల్లలు చేతులు వెడ్తరని పొయ్యి మీద పెంకల జర ఏంచిన."

అంత వేడి తగిలితే ఆ ఎంజైము పాడైపోతుంది. ఆయన పిడికిట్లోని మట్టిని బకెట్టులోకి వదిలేశారు.

"నాలుగు రోజులు, రాజక్కా. నాలుగు రోజులు."

"మంచికే జేసిన గద!" అంటూనే ఆమె చీపురు పడేసి బయటికి నడిచింది. మధ్యాహ్నం పిల్లలు పళ్లాలు కడిగే నల్లా కింద, పప్పు మెతుకులూ గుడ్డు తునకలూ పడి మురిగే చోట, డబ్బా నిండా తడిమట్టి తవ్వి తెచ్చింది.

"ఎర్రలుంటయ్ మల్ల. నన్ననొద్దు."

ఆయన మట్టినీళ్లను కుంచెతో గీత పొడవునా అద్ది, తడిగుడ్డ కప్పారు.

మర్నాడు ఫిల్మును కడిగి, వెలుతురుకు పెట్టారు.

పన్నెండేళ్ల కిందట హన్మకొండ రోడ్డులో ఆయన నడుపుతున్న స్కూటరు వెనక సీటు మీంచి జారిపడిన తొమ్మిదేళ్ల కూతురు ప్రియాంక తల ఎముకలో ఇప్పుడు పగులు లేదు.