ఎవరూ గీయని బొమ్మలు

"రంగు ఎవరు వేశారండీ?"

హైమ మూడోసారి అడిగింది. ఉప్పాడ ఒడ్డుకి లాగిపెట్టిన పాత చెక్క పడవ చుట్టూ పదిమంది చేరారు.

నిన్న సాయంత్రం వరకూ ఆ పడవ మీద రంగు పెచ్చులు పెచ్చులుగా లేచి ఉంది. నీలం కింద ఎరుపు, ఎరుపు కింద పచ్చ, అడుగున ఎప్పటిదో పసుపు.

ఇప్పుడు మొత్తం నున్నటి నీలం. ముట్టుకుంటే వేలికి అంటుతోంది.

ఆదివారం రాజమండ్రిలో ఆమె మొదటి ఫొటో ఎగ్జిబిషన్. ఎనిమిది ఫ్రేములు. ఈ ఒడ్డునున్న పడవల మీదే ఏడు తీసింది. ఎనిమిదోది ఈ ఉదయపు ఎండలో తీయాలి.

పడవ యజమాని అమ్మిరాజు తల గోక్కున్నాడు. ప్రభుత్వం చేపల వేట ఆపిన రోజుల్లో రంగులు వేసుకోవడం మామూలే గానీ, తను ఎవరికీ పురమాయించలేదన్నాడు.

"అయినా ఇప్పుడు బాగుంది కదండీ. తీసేసుకోండి."

అంత కోపంలోనూ హైమకి నవ్వొచ్చింది. నాలుగు రోజులుగా అతనికి చెబుతూనే ఉంది. మనుషులైతే కెమెరా చూడగానే సర్దుకుంటారు, పెచ్చులు సర్దుకోవు. బాగా దగ్గరగా తీస్తే అది పడవలా ఉండదు. ఒకరికి తుపాను కనిపిస్తుంది, ఒకరికి కోతకొచ్చిన చేను. ఎండా ఉప్పుగాలీ వేసిన బొమ్మ. అందుకే ఎగ్జిబిషన్‌కి 'ఎవరూ గీయని బొమ్మలు' అని పేరు పెట్టింది.

పడవ పక్కన వల బాగుచేసుకునే ముసలాయన ఇవాళా అక్కడే కూర్చున్నాడు. నాలుగు రోజులూ ఆమె ఆయనతో అన్నది ఒకటే మాట. కాస్త పక్కకి జరగండి, నీడ పడుతోంది.

హైమ వంగి కొత్త నీలాన్ని పరీక్షగా చూసింది. కుంచె గీతలన్నీ ఒకే వైపు వాలి ఉన్నాయి. ఎడమచేతివాటం.

ఏదో తట్టి, ఈ పడవని నిన్నటిదాకా తీసి చూసుకున్న ఫొటోలు కెమెరాలో పెద్దవి చేసి చూసింది.

ఎరుపులో అదే వాలు. పచ్చలో అదే. అడుగున పసుపులోనూ అదే.

మిగతా పడవల ఫొటోల్లోనూ అంతే. ఒకే చెయ్యి.

తలెత్తింది. ముసలాయన వల కుడుతున్నది ఎడమచేత్తో. గోళ్ల నిండా నీలం.

"మీరేనా?"

"తప్పయిపోయిందండి. మీరు ఫిషరీస్ ఆఫీసు వాళ్లనుకున్నానండి. రోజూ పెచ్చులే తీస్తుంటే, పడవ పాడైందని రాసి లైసెన్సు ఆపేస్తారేమోనని పొద్దున్నే వేసేశాను. మావాడు ఈ పడవ మీదే వేటకెళ్లాలి కదండీ."

"ఫొటోలు ఎందుకో మీకెవరూ చెప్పలేదా?"

"పక్కకి జరగమన్నారండి. అంతే."

అమ్మిరాజు ముందు నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు. హైమ నవ్వలేకపోయింది. ఆ గోళ్లని దగ్గరగా ఫొటో తీసుకుని వెళ్లిపోయింది.

హైమ ఫోన్లో ఆయన సంగతంతా అడిగి రమ్మనడంతో, ఆదివారం అమ్మిరాజు ఆయన్ని బస్సెక్కించి రాజమండ్రి తీసుకొచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నా, తన నీడ ఫొటోల మీద పడకుండా ఆయన గోడవారగా జరిగి నిలబడ్డాడు.

ఎవరూ గీయకుండానే ఇంత బాగా ఎలా కుదిరిందని ఒకావిడ అడిగింది.

హైమ వెళ్లి ఆ ఎడమచెయ్యి పట్టుకుని ఆయన్ని హాలు మధ్యలోకి తీసుకొచ్చింది.

"ఆ పేరు నేను తెలియక పెట్టానండి. ముప్పై ఏళ్లుగా ఈ బొమ్మలు గీస్తున్నది ఈయనే, ఏసుపాదం గారు."